పన్నెండో చుక్క

కామేశానికి చిన్నప్పట్నుంచీ ఒక అనుమానం ఉంది. దేవుడు ఇంతమందిని ఒకేసారి ఎలా చూస్తాడు?

ఈ మాట ఎనిమిదో ఏట రేవుగట్టు ఆంజనేయస్వామి గుళ్ళో అర్చకుణ్ణి అడిగితే, ఆయన చేతిలో ఇంత దద్దోజనం పెట్టి, "ముందు తిను" అన్నాడు. తిన్నాడు. దద్దోజనం అరిగింది గాని అనుమానం అరగలేదు. తర్వాత ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, బొట్టు పెట్టుకోకుండా గడప దాటని గృహస్థుడయ్యాడు. అయినా రోజూ దణ్ణం పెట్టుకుని కళ్ళు తెరిచేసరికి ఆ ప్రశ్న పక్కనే నిలబడి ఉండేది. పక్కింటాయన అబద్ధమాడుతుంటాడు, ఎదురింటావిడ ఏడుస్తుంటుంది, ఊరవతల ఎవడో మామిడికాయలు కోసుకుపోతుంటాడు. అన్నీ ఒక్క క్షణంలోనే. స్వామి ఏ వైపని చూస్తాడు పాపం?

ఏభయ్యో ఏట జవాబు దొరికింది. అది రేవుల నిర్వహణ కార్యాలయం ఉపసంచాలకులు విశ్వంభరరావుగారి అరచేతిలో ఉంది.

గోదావరి పాయ మీద ఏ రేవులో ఎవరు పడవ నడపాలో, ఏ పడవలో ఎంతమంది ఎక్కాలో చూసుకునే ఆఫీసు అది. కామేశం అందులో సీనియర్ అసిస్టెంటు. విశ్వంభరరావుగారు ఎక్కడో చల్లని ఊళ్ళో మూడు రోజుల శిక్షణ పొంది, తిరిగొచ్చిన రోజునే సిబ్బందినంతా నిలబెట్టి ఫోను పైకెత్తి చూపించారు. తెర మీద పదకొండు ఆకుపచ్చ చుక్కలు.

"ఇవేమిటో తెలుసా?"

సిబ్బంది మెడలు చాచి చూశారు.

"మీరు" అన్నారాయన. "దీని పేరు సహస్రాక్ష. మీ పదకొండు కంప్యూటర్లూ పరస్పరం అనుసంధానింపబడి ఈ ఫోనులో కొలువై ఉన్నవి. ఎవరు పనిచేయుచున్నారో, ఎవరు చేయుట లేదో నేను ఎక్కడినుండైనా వీక్షించగలను. అవసరమైనచో ఒక్క బొటనవేలితో ఏ కంప్యూటరునైనా మూయగలను, తెరవగలను, బంధించగలను."

కామేశం ఒకడుగు ముందుకేశాడు. "పదకొండు మందినీ ఒకేసారి చూడొచ్చాండీ?"

"పదకొండు వేలమందినైనను."

కామేశం మనసులోనే చెంపలు వేసుకున్నాడు. చుక్కలన్నమాట! ఇంత చిన్న సంగతి నలభై రెండేళ్ళు తట్టలేదు. కాని అతని బుర్రలో ఒక అనుమానం తీరితే ఇంకోటి వచ్చి కూచుంటుంది. "సహస్రాక్షుడంటే ఇంద్రుడు కదండీ. ఆయనకా వెయ్యి కళ్ళూ గౌతమ మహర్షి శాపం వల్ల..."

"కళ్ళు వచ్చినవా లేదా అన్నదే కార్యాలయమునకు ముఖ్యం. ఎట్లు వచ్చినవన్నది కాదు."

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. కంప్యూటరు మౌసు కదులుతున్నంతసేపూ చుక్క ఆకుపచ్చగా ఉండును. నాలుగు నిమిషాలు కదలనిచో పసుపు. పది నిమిషాలు కదలనిచో ఎరుపు. ఎరుపైన ఉద్యోగి ఆ కాలమున లేనట్లే పరిగణింపబడును. చుక్క ఎక్కడ ఉన్నచో ఉద్యోగి అక్కడనే ఉన్నట్లు భావింపబడును. చలనమే సేవ.

ఆ వారమే కామేశం ఎర్రబడ్డాడు.

తప్పు పూర్తిగా గంగరత్నానిది. పెదలంక రేవులో పడవ నడుపుతుందావిడ. మొగుడు పోయాక పదమూడేళ్ళుగా తెడ్డు దించలేదు. లంకలో పిల్లలు ఇవతలి బడికి రావాలన్నా, ఇవతలివాళ్ళు లంకలోకి పెళ్ళికి వెళ్ళాలన్నా ఆ పడవే. ఏటా దసరా ముందు అనుమతి లేఖ తిరగరాయించుకోవాలి. గడువు రోజు సాయంత్రం అయిదులోపల కొత్త లేఖ చేతికి రాకపోతే, రేవు వేలానికి వెళ్ళిపోతుంది. ఇంజను పడవవాడొకడు రెండేళ్ళుగా ఆ వేలం కోసమే కాసుకుని కూచున్నాడు.

లేఖ కావాలంటే ముందు పడవ చూడాలి. అందుకని కామేశం రిజిస్టరు చంకన పెట్టుకుని రేవుకు వెళ్ళాడు, పడవ అడుగు వంగి చూశాడు, పలకలు తట్టి చూశాడు, ఎంతమంది ఎక్కుతున్నారో రాసుకున్నాడు. తిరిగొచ్చేసరికి బల్ల మీద మెమో ఉంది.

"ఉదయం పది గంటల ఆరు నిమిషముల నుండి ఒంటిగంట వరకు మీరు లేరు" అన్నారు విశ్వంభరరావుగారు ఫోనులోంచి తలెత్తకుండా.

"రేవుకెళ్ళి పడవ చూశానండీ."

"ఆ పడవ నెట్‌వర్కులో ఉన్నదా?"

"నీళ్ళలో ఉందండీ."

"కామేశంగారూ! నెట్‌వర్కులో లేని వస్తువును చూచుట వీక్షణ కిందికి రాదు. మీ సర్వీసులో ఇటువంటి ఎరుపు ఇంకొకటి నమోదైనచో ఇంక్రిమెంటు విషయం పునరాలోచించబడును."

కామేశం నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. దేవుడు కూడా మౌసు కదలడమే చూస్తాడా అని కొత్త అనుమానం వెంట వచ్చింది.

ఆ అనుమానాన్ని పక్క బల్లమీది జోగినాథం ఆట్టే సేపు ఉండనివ్వలేదు. జోగినాథం జూనియర్ అసిస్టెంటు. ఉద్యోగంలోనే జూనియరు, తెలివిలో కాదు. తల అటూ ఇటూ తిప్పే టేబులు ఫ్యాను ఒకటి ఇంట్లోంచి తెచ్చాడు. ఫ్యాను మెడకీ మౌసు వైరుకీ ఒక పురికొస ముడేశాడు. ఫ్యాను తల తిప్పినప్పుడల్లా మౌసు బల్లమీద ఈ చివరినుంచి ఆ చివరికి బుద్ధిగా పాకడం మొదలెట్టింది.

"ఇది మోసం కాదూ?" అన్నాడు కామేశం.

"మోసమేంటి గురూగారూ! చలనమే సేవ అన్నారు. చలనం కావాలి, సప్లై చేస్తన్నాం. మీకూ ఓటి కట్టమన్నారా?"

"వద్దు నాయనా. నాకు ఫ్యాను గాలి పడదు."

నెల తిరిగేసరికి పది బల్లలమీద పది ఫ్యాన్లు తలలాడిస్తున్నాయి. సిబ్బంది కిందికెళ్ళి టీ తాగి, చల్లగా ఉంటుందని మళ్ళీ పైకొచ్చి కూచునేవారు. ఫ్యాను గాలికి కాయితాలు ఎగిరిపోతున్నాయని ఫైళ్ళన్నీ బీరువాల్లో పెట్టి తాళాలు వేశారు. దాంతో పని పూర్తిగా ఆగిపోయింది. చుక్కలు మాత్రం పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా చేమంతి మొక్కల్లా పచ్చగా ఉన్నాయి. ఒక్క కామేశం చుక్కే, అతను ఎవరితోనైనా మాట్లాడినప్పుడల్లా, రిజిస్టరు తిరగేసినప్పుడల్లా పసుపెక్కి, అప్పుడప్పుడూ ఎర్రబడేది.

రాష్ట్రంలో అత్యంత చలనశీల కార్యాలయమని పైనుంచి ఒక గాజు బొమ్మ వచ్చింది. దాన్ని అందుకున్నాక విశ్వంభరరావుగారికి ఆఫీసుకు రావలసిన అవసరం కనపడలేదు. మంగలి షాపులోంచి పర్యవేక్షించేవారు. మామిడితోటలోంచి పర్యవేక్షించేవారు. కాని పైవాళ్ళ ఫోన్లలో ఆయనకూ ఒక చుక్క ఉందన్న సంగతి ఆలస్యంగా తెలిసి, ఒకనాడు జోగినాథాన్ని లోపలికి పిలిచి తలుపు వేశారు. మర్నాటినుంచి ఉపసంచాలకుల గదిలో పదకొండో ఫ్యాను తిరిగింది. అది ప్రభుత్వం వారి ఫ్యాను, పెద్దది.

అటెండరు యేసుపాదానికి మాత్రం దిగులు పట్టుకుంది. "నాకు చుక్కే లేదు కదండి. అంటే నేను ఉన్నట్టా లేనట్టా?"

"చుక్క లేకుండా పని జరుగుతోందంటే అది నీదే యేసుపాదం" అన్నాడు కామేశం.

"ఆయ్. జీతం ఇచ్చేటప్పుడు కూడా అలాగే అంటారేంటండి?"

ఇంతలో దసరా వచ్చింది.

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. సెలవులకు ముందు రోజు పదకొండు గంటలకి ఆయుధపూజ. కంప్యూటర్లన్నీ ఆపేసి, తుడిచి, బొట్లు పెట్టి, హారతి ఇచ్చేదాకా ఎవరూ ముట్టుకోరు. కామేశం దానికితోడు తన సొంత ఆనవాయితీ ఒకటి పెట్టుకున్నాడు. హారతయ్యాక ఒక చిన్న గిన్నెలో నూనె తీసుకుని వెనక రికార్డు గదిలోకి వెళ్తాడు. అక్కడ కట్టల కింద పాత తెలుగు టైపు మిషను ఉంది. దాని మీటలకింద చుక్క చుక్క నూనె వేసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని వస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా ఒక్క ఏడూ మానలేదు.

దాని వెనక ఒక బాకీ ఉంది. కామేశం టైపు లోయరు పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి రేవుగట్టు స్వామికి వడమాల మొక్కుకుని ప్యాసయ్యాడు. దాంతో ఉద్యోగం వచ్చింది. చేరిన రోజునే ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. టైపు మిషన్లని గోతాల్లో చుట్టి పంపేశారు, ఒక్కటి మిగిలిపోయింది. ఒక్క అక్షరమైనా కొట్టకుండా మొక్కు ఎలా తీరుస్తాం, అది పనికొచ్చిన రోజున తీరుద్దాం అనుకున్నాడు కామేశం. భార్య శేషవేణి ఏటా దసరాకి గుర్తు చేస్తూనే ఉంది.

"నూట ఎనిమిది వడలండీ. స్వామికి బాకీ పెట్టి అన్నం ఎలా తింటున్నారో నాకు తెలీదు."

"ఎగ్గొడతానన్నానా? పనికొచ్చిన రోజున అన్నాను."

"ఈ జన్మలో అని కూడా అనుకోండి మనసులో."

ఆ ఏడు ఆయుధపూజ రోజే గంగరత్నం గడువు. పాత అనుమతి పన్నెండింటితో సరి. కొత్త లేఖ అయిదులోపల చేతికి రావాలి. కామేశం రిపోర్టు మీద విశ్వంభరరావుగారు ముందురోజే ఫోనులో బొటనవేలి బొమ్మ పంపి ఆమోదం తెలిపారు. ఇక మిగిలింది లేఖ కొట్టడం, ఆయన సంతకం. ఆయన పొద్దున్నే గంగరత్నం పడవలోనే లంకలో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళారు, మూడింటికి వచ్చి సంతకం పెడతానన్నారు. ఆయన్ని దింపి ఆవిడ నేరుగా ఆఫీసుకొచ్చి బెంచీ మీద కూచుంది.

పదకొండింటికి ఫ్యాన్లు ఆపారు. కంప్యూటర్లు ఆపారు. కర్పూరం వెలిగించారు. ఆ సమయానికి లంకలో విశ్వంభరరావుగారు సిగ్నలు కోసం గడ్డిమేటెక్కి ఫోను తెరిచారు. పదకొండు చుక్కలూ నెత్తుటి బొట్ల లాగా ఉన్నాయి.

ఆనవాయితీ ఆయనకు గుర్తు రాలేదు. తిరుగుబాటు గుర్తొచ్చింది. సర్వబంధనం అనే మీట ఒకటుంది, శిక్షణలో దాన్ని యుద్ధ సమయంలో తప్ప నొక్కవద్దన్నారు. నొక్కేశారు. నొక్కిన మరుక్షణం సిగ్నలు పోయింది.

ఇక్కడ హారతి కళ్ళకద్దుకుని కంప్యూటర్లు తెరిస్తే, పదకొండు తెరలమీదా ఒకటే మాట. "మీ సేవలు బంధింపబడినవి. అధికారి వేలిముద్రతో మాత్రమే విముక్తి."

జోగినాథం ఒక మౌసుని కదిపాడు. ఇంకో మౌసుని కదిపాడు. ఫ్యాను వేశాడు. ఏమీ కాలేదు. విశ్వంభరరావుగారికి ఫోను చేస్తే, ఆయన అందుబాటులో లేరని ఒక ఆడగొంతు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పింది.

"ఇప్పుడు నా కాయితం ఏంటండి బాబూ?" గంగరత్నం బెంచీమీంచి లేచింది.

"పెద్దాయన వస్తేగాని తెరుచుకోదమ్మా" అన్నాడు జోగినాథం.

"ఎలా వత్తారండీ? నా పడవ ఇక్కడుంటే?"

"వెళ్ళి తీసుకురా మరి."

"పన్నెండు కొట్టేసింది కదండి. అనుమతి లేని పడవలో మనిషిని ఎక్కిత్తే పడవ లాక్కుంటామని ఆయనే బోర్డు ఎట్టించేరు. అదిగో చూడండి, రేవులో నా నెత్తిమీదే ఉంటాది." ఆవిడ గొంతు ఒక్కసారి దిగింది. "పిల్లకాయలు బడికెలా వత్తారండీ కామేశంగారూ? ఇంజనోడు గట్టిగా వాన పడితే రానంటాడు. ఆడికి రేవిచ్చేత్తారా?"

కామేశం గోడ గడియారం చూశాడు. పన్నెండూ ఇరవై. ఆయన రాకపోతే కంప్యూటరు తెరుచుకోదు. కంప్యూటరు తెరుచుకోకపోతే లేఖ రాదు. లేఖ లేకపోతే పడవ కదలదు. పడవ కదలకపోతే ఆయన రారు. చేత్తో రాసిద్దామంటే, అనుమతి లేఖ యంత్రంపై అచ్చయినదై ఉండవలెనని పాత నియమం, గోడకి వేలాడుతోంది.

యంత్రం అనుకోగానే అతని చేతిలోని నూనె గిన్నె బరువెక్కింది. అప్పటికింకా రికార్డు గదిలోకి వెళ్ళనేలేదు.

"యేసుపాదం! రా, ఓ చెయ్యి వెయ్యి."

ఇద్దరూ మిషనుని మోసుకొచ్చి కిటికీ పక్క బల్లమీద పెట్టారు. పైన ఇరవై అయిదేళ్ళ బొట్లు ఒకదానిమీద ఒకటి అట్ట కట్టి ఉన్నాయి. ఇరవై ఆరోది కామేశం అప్పుడే పెట్టాడు. మీట నొక్కితే టక్కున లేచి పడింది. ఏటేటా వేసిన నూనె ఒక్క చుక్క వృథా పోలేదు.

"ఇదెవరి ఫోన్లోనైనా కనపడతాదేంటండి?" అన్నాడు యేసుపాదం.

"కనపడదు."

"అయితే నాలాంటిదేనండి."

మిషను బాగుంది గాని రిబ్బను ఎండిపోయి చేప పొలుసులా రాలిపోయింది. జోగినాథం నవ్వాడు. కామేశం నవ్వలేదు. రికార్డు గది బీరువాలో నల్ల కార్బను కాయితాల పెట్టె ఒకటి ఉండాలి. ఉంది. రెండు కాయితాల మధ్య కార్బను పెట్టి మిషనుకెక్కించాడు. రిబ్బను తీసేసి కొడితే పై కాయితం మీద అచ్చు పడదు, కింది కాయితం మీద పడుతుంది. టైపు ఇనిస్టిట్యూట్లో నేర్చుకున్న కిటుకు అది.

వేళ్ళు మొదట తడబడ్డాయి. తర్వాత వాటికి అవే గుర్తొచ్చాయి. ఆఫీసంతా చుట్టూ మూగి చూస్తోంది. రెండు నెలల్లో ఆ గదిలో జరిగిన మొదటి పని అది. ఒత్తుల దగ్గర ఆగి, పెదవులు కదుపుతూ, "కామాడి గంగరత్నం అను ఆమెకు పెదలంక రేవునందు పడవ నడుపుటకు" అన్న దగ్గర ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని, మూడు గంటలు దాటాక ముగించాడు. గుండ్రటి ముద్రా, సిరాదిమ్మా సంచిలో వేసుకున్నాడు.

"నన్నెక్కించుకుంటావా గంగరత్నం?"

"ఎలాగండీ? అనుమతి లేదు కదా."

"నేను ప్రయాణికుణ్ణి కాదు. తనిఖీకి వస్తున్నాను. తనిఖీ అధికారిని ఎక్కించుకోవచ్చని రూలుంది."

"అయితే రండి. అడుగు చూసి ఎయ్యండి, తనికీ బాబుగారూ."

అవతలి ఒడ్డున విశ్వంభరరావుగారు పట్టుపంచెతో, చేతిలో గృహప్రవేశం వారిచ్చిన జాకెట్టు ముక్క, అరిసెల పొట్లం పట్టుకుని మూడింటినుంచి నిలబడి ఉన్నారు. పడవ ఒడ్డు తగలకముందే కాలెత్తారు.

గంగరత్నం తెడ్డు అడ్డం పెట్టింది. "ఆగండి దొరగారూ. కాయితం మీద సంతకం పడాలండి. పడితేగాని పడవకి అనుమతి లేదండి."

"నేనెవరో తెలియునా?"

"తెలుసండి. బోర్డు మీద మీ పేరే ఉంది."

కామేశం లేఖ అందించాడు. విశ్వంభరరావుగారు అటూ ఇటూ తిప్పారు. "ఇదేమి? ఇది నకలు. అసలు ఏది?"

"అసలు ఇదేనండీ" అని కామేశం రెండో కాయితం ఇచ్చాడు. దానిమీద గుంటలు తప్ప ఏమీ లేవు. "అసలు ఖాళీగా ఉందండీ. ఈ నకలే అసలు."

"ఈ పత్రము సహస్రాక్షలో లేదు. చెల్లదు."

"ఆయ్, చెల్లదంటే సరేనండి" అంది గంగరత్నం, తెడ్డుతో ఒడ్డుని నెడుతూ. పడవ మూరెడు వెనక్కి జరిగింది.

"ఆగు, ఆగు! నేను కూడా తనిఖీకే వచ్చానని రాసుకోండి కామేశంగారూ."

"రాసేవాణ్ణేనండీ" అన్నాడు కామేశం, నిజంగానే బాధపడుతూ. "కాని మీ చుక్క పొద్దున పదకొండు దాకా ఆఫీసులో పచ్చగా తిరిగింది. చుక్క ఎక్కడుంటే ఉద్యోగి అక్కడున్నట్టే అని మీ సర్క్యులరు. మీరిప్పుడు ఇక్కడ లేరండీ."

విశ్వంభరరావుగారు నది వైపు చూశారు. ఆకాశంలోకి ఫోను ఎత్తి చూశారు. పొద్దు దిగుతోంది. నాలుగున్నర దాటింది. గృహప్రవేశం వారి భోజనంలో ఉప్పు ఎక్కువైందో ఏమో, మంచినీళ్ళు అడిగారు. గంగరత్నం చెంబుతో ఇచ్చింది. తాగి, కామేశం వంచిన వీపు మీద కాయితం పెట్టి సంతకం చేశారు. కామేశం గుండ్రటి ముద్ర కొట్టాడు. నాలుగూ నలభై.

ఆవిడ ఆ కాయితాన్ని చదువురాకపోయినా ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసి, మడిచి, రవికలో దోపుకుని, తెడ్డు తీసింది. "ఇప్పుడెక్కండి దొరగారూ. మజ్జిలో కూకోండి, లేపోతే ఒరిగిపోద్ది."

సెలవులయ్యాక కొత్త సర్క్యులర్ వచ్చింది. ఇకపై ఆయుధపూజ సమయమున ఒక చేత హారతి ఇచ్చుచు, రెండవ చేత మౌసును కదుపుచుండవలెను. రికార్డు గదిలో అనధికారికముగా పనిచేయుచున్నట్లు గుర్తింపబడిన యంత్రమునకు పన్నెండవ చుక్క కేటాయించడమైనది. ఆ చుక్క రోజంతా ఎర్రగా ఉంటుంది. విశ్వంభరరావుగారు దాన్ని రోజుకు నాలుగుసార్లు బంధిస్తారు. దానికి వైరు లేదు కనక దానికా సంగతి తెలీదు. లేఖ కావలసినవాళ్ళు మాత్రం ఇప్పుడు నేరుగా కిటికీ పక్క బల్ల దగ్గరికే వస్తున్నారు. రిబ్బను కోసం యేసుపాదం ఊళ్ళు తిరుగుతున్నాడు.

మంగళవారం తెల్లవారుజామునే శేషవేణి మినప్పప్పు రుబ్బింది. నూట ఎనిమిది వడలు వేసి, కామేశం లెక్కపెట్టి గుచ్చుతుంటే పక్కన కూచుంది.

"పనికొచ్చిందంటారు!"

"వచ్చింది."

గుళ్ళో అర్చకుడు మాల చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. అప్పటి అర్చకుడి కొడుకు ఆయన. "ఏ మొక్కు కామేశం?"

"టైపు లోయరు."

అర్చకుడు మాల స్వామి మెళ్ళో వేశాడు. కామేశం చేతులు జోడించి ఆ పెద్ద వెండి కళ్ళకేసి చూశాడు. ఆ కళ్ళు ఇరవై ఆరేళ్ళుగా అతని బాకీని చూస్తూనే ఉన్నాయి. ఒక్కరోజు జీతం ఆపలేదు, ఒక్కరోజు అన్నం ఆపలేదు, ఇంటి తలుపు బంధించలేదు. ఎలా చూస్తాడన్నది కామేశానికి ఇప్పటికీ తెలీదు. ఎన్నాళ్ళు ఊరుకుంటాడన్నది కొంచెం తెలిసింది.

అర్చకుడు మాల చివరినుంచి ఒక వడ తీసి అతని చేతిలో పెట్టాడు. "ముందు తిను" అన్నాడు.